తూకం

ఆదివారం ఏడున్నరకే
వన్ టౌన్‌లో గుజిరీ కొట్ల రేకు తలుపులు లేస్తాయి.
అప్పటికే ఎదురు హోటల్లో
నా రెండో టీ అయిపోయి ఉంటుంది.

కొన్ని నియమాలున్నాయి నాకు.
కావలసినదాని వైపు చూడకూడదు.
ముందు ఒక ఫ్యాను రెక్క ధర అడగాలి,
తర్వాత ఇత్తడి కొళాయి,
ఆ తర్వాత, కాలికి తగిలినందుకు విసుక్కున్నట్టు,
"ఈ తుక్కు సైకిలేందప్పా, అడ్డంగా?" అనాలి.
పర్సులో మూడు నూర్లకు మించి కనపడకూడదు.
మిగతాది టిఫిను డబ్బాలో.

కాశింవలికి ఇవన్నీ ఆరేళ్ళుగా తెలుసు.
అయినా ఫ్యాను రెక్క ధర చెప్తాడు,
మర్యాదకు.

ఇవాళ గోడకానుకుని హంబర్.
ముందు చక్రానికి అటు రెండు, ఇటు రెండు
సన్నటి కడ్డీల ఫోర్కు. అది చాలు నాకు, గొంతెండిపోవడానికి.
కడ్డీ బ్రేకులు. చెయినుకు నిండు కవరు.
సీటు తోలు
కాల్చిన అప్పడంలా ముడుచుకుంది.

మడ్‌గార్డు లోపల గీకితే
గోటికింద మెత్తటి బూడిదరంగు మన్ను.
రోడ్డు మన్ను కాదది.
రెండువేల తొమ్మిదిలో నది ఊళ్ళోకొచ్చి పోయాక
మా బీరువాలో, పెండ్లి ఆల్బంలో,
మూత బిగించిన కందిపప్పు డబ్బాలో దొరికిన మన్ను.
వాసన చూడక్కర్లేదు.
చూశాను.

"నీళ్ళల్లో మునిగిన బండి," అన్నాను, ధర దించడానికి.
"ఈ ఊర్లో మునగందేదో చూపీ మేడమ్," అన్నాడు.
"ఎవరికి, సార్‌కా?"

సార్‌కు సైకిలు రాదని
ఆరేళ్ళుగా చెప్తున్నాను.

వెనక మడ్‌గార్డు మీద నల్లరంగు.
రంగు లేచినచోట తెల్లగా ఒక అంకె,
దానికింద ఇంకో అంకె. ఏడో, ఒకటో.
అద్దె సైకిలు.

సుంకన్న దగ్గర పదకొండు సైకిళ్ళుండేవి.
గంటకు అర్ధరూపాయి, పలక మీద టైము.
"ఆడపిల్లకియ్యను. పడితే మీ నాయన నన్నంటాడు."
అందుకని పక్కింటి నాగేషు పేరు పలక మీద,
వాడికి పావలా కమీషను,
సందు మలుపులో నేను.
బరువని ఎవరూ తీసుకోని హంబరే దొరికేది ఎప్పుడూ.
సీటు అందదు.
కడ్డీ కిందనుంచి కాలు దూర్చి, పావడా దోపుకుని,
సగం సగం తొక్కుతూ,
ఒంకరగా, ఎండ్రకాయలా, 
స్టేడియం గోడ చుట్టూ.

పాలబండికి గుద్దిన రోజు
చెయిను కవరు సొట్టపోయింది.
సైకిలు షాపు గోడకానించి
నేను ఇంటికి పరిగెత్తాను.
నాగేషు లోపలికి పోయాడు, పేరు వాడిది కాబట్టి.
దెబ్బలెన్నో నేనడగలేదు. వాడు చెప్పలేదు.

దీనికీ ఉంది సొట్ట.
సొట్ట ఏ సైకిలుకు లేదు?

"పద్దెనిమిది నూర్లు."
"ఏడు నూర్లు."
"అంత మాటంటే తూకానికే ఏస్తా మేడమ్. రేపు లారీ వస్తాది."
వేశాడు కూడా. ముల్లు ఇరవై రెండు దగ్గర నిలబడింది.
కిలో ముప్పై. ఆరు నూర్ల అరవై.
నేనడిగిందానికంటే తక్కువ.
ఇద్దరం ముల్లును చూశాం.
ఇద్దరం ఒకర్నొకరం చూసుకోలేదు.

ఆరేళ్ళలో మొదటిసారి
నా నోరు పెగల్లేదు.
మళ్ళీ ఫ్యాను రెక్క దగ్గర మొదలుపెట్టాల్సింది.
టిఫిను డబ్బా మూత తీశాను.
"పన్నెండు నూర్లు తీసుకో."
కాశింవలి నోట్లు లెక్కపెట్టలేదు,
నా మొగం చూశాడు.
"ఒంట్లో బాగలేదా మేడమ్?"

గాలిలేని టైర్ల మీద
దాన్ని నడిపించుకుంటూ వచ్చాను, పక్కనే.
ఫ్రీవీలు మాత్రం టిక్కుటిక్కుమంటూనే ఉంది,
ఎవరో గంటలు లెక్కపెడుతున్నట్టు.
బెల్లు నొక్కితే పలకలేదు.

గేటు దగ్గర సార్:
"నాలుగోదా?"

నాగేషు ఆదోనిలో జిన్నింగ్ మిల్లులో ఉన్నాడని విన్నాను.
నంబరు ఎవరి దగ్గరుందో.

"కిరసనాయిలు యాడ పెట్నావ్?" అన్నాను.
మెట్ల మీద కూచుని
బెల్లు మూత తిప్పాను. రొంత బలంగా తిప్పాక వచ్చింది.
లోపల నిండుగా, మెత్తగా,
ఏటి మన్ను.